డిగ్రీలో 40 శాతం క్రెడిట్లు ఆన్‌లైన్ కోర్సులకు: మన జిల్లాల కళాశాలలకు మేలా, చేటా?

కావలి అధ్యాపకుడు:
2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’లోని కోర్సులకు ఒక సెమిస్టరు క్రెడిట్లలో (డిగ్రీకి లెక్కలోకి వచ్చే పాయింట్లలో) 20 శాతం వరకే ఉన్న పరిమితిని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనలతో 40 శాతానికి పెంచింది. ఎంచుకోవడానికి రెండే ఎలక్టివ్‌లు (ఐచ్ఛిక పేపర్లు) ఉన్న నెల్లూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ కళాశాలలు ఈ వీలును పూర్తిగా వాడుకోవాలని నా అభిప్రాయం. పాఠాలు ఉచితం, పరీక్ష రాసేవారు మాత్రమే రుసుము కట్టాలి. మీరేమంటారు?

ఒంగోలు విశ్రాంత ఆచార్యుడు:
మాస్టారూ, తగిన బోధకులు లేని సబ్జెక్టుకు ఆన్‌లైన్ కోర్సు పెట్టుకోవచ్చని యూజీసీ 2016 నిబంధనలే చెప్పాయి. ఆపద్ధర్మంగా ఇచ్చిన ఆ వెసులుబాటును పట్టుకుని పోస్టు ఖాళీగానే ఉంచే యాజమాన్యాలకు ఇప్పుడు రెట్టింపు చోటు దొరికింది. పైగా, ఎవరి తోడూ లేకుండా ఇంత పెద్ద కోర్సును చివరిదాకా లాక్కురాగలిగేవారు ఎందరు? 2012లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో పెట్టిన ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల కోర్సులో సుమారు 1,55,000 మంది చేరితే ఉత్తీర్ణులైనవారు 7,157 మంది. ఊరికే చూసిపోదామని చేరినవారిని పక్కన పెట్టినా అది చిన్న సంఖ్యే. ఇక రసాయనశాస్త్రం సంగతి: ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి గాఢత కొలిచే టైట్రేషన్‌లో లేత గులాబీ రంగు నిలిచిన చుక్క దగ్గరే బ్యూరెట్ (కొలత గొట్టం) కుళాయి కట్టేయడం చేతికి రావలసిన పని, తెరకేసి చూస్తే వచ్చేది కాదు.

కనిగిరి విద్యార్థిని:
సార్, నేను స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సు ఒకటి పూర్తి చేశాను. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్ల జవాబులు గడువు రాత్రికి ముందే వాట్సాప్ గ్రూపులో తిరిగేవి, అది నిజమే. అయితే అసైన్‌మెంట్లకు 25 మార్కులే; మిగిలిన 75 పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు, అందులో కనీసం 30 రాకపోతే సర్టిఫికెట్ లేదు. కాబట్టి జవాబులు దించుకున్నవారు అక్కడ దొరికిపోతారు. మాకు కష్టమైనది ఇంగ్లీషు ఉపన్యాసం. తెలుగు మీడియంలో చదివి వచ్చిన స్నేహితురాలు ప్రతి వీడియోనూ ఆపి ఆపి చూసేది, సందేహం వస్తే అడగడానికి కళాశాలలో ఎవరూ ఉండేవారు కారు.

కావలి అధ్యాపకుడు:
అమ్మా, అసలు లోపం మీరు చెప్పిన చోటే ఉంది. విద్యార్థులకు దారి చూపడానికి ప్రతి సంస్థ ఒక సమన్వయకర్తను నియమించాలనీ, ఆ పనిని వారానికి 2 నుంచి 4 గంటల బోధనగా లెక్కించాలనీ అవే 2016 నిబంధనల్లో ఉంది. నేను చూసిన చోట్ల మాత్రం సమన్వయకర్త అంటే పరీక్ష రుసుము కట్టమని గుర్తుచేసే ఉద్యోగి. ఆచార్యులవారు యాజమాన్యాలను తప్పుపట్టడం సబబే, కాని దానికి విరుగుడు కోర్సును వద్దనడం కాదు, ఆ గంటలు టైంటేబుల్‌లో ఎక్కడున్నాయో చూపమని నిలదీయడం.

ఒంగోలు విశ్రాంత ఆచార్యుడు:
ఆ గంటలు నిజంగా కనిపిస్తే, ఎలక్టివ్‌ల వరకు నాకు అభ్యంతరం లేదు. ప్రయోగశాల ఉన్న పేపర్లను మాత్రం ఈ 40 శాతంలో చేర్చడానికి నేను ఒప్పుకోను.