పాత ఎం.జి.బి. ఇంజిన్‌ను ఇంట్లో విప్పి బిగించుకోవడం వివేకమేనా?

కవెంట్రీ తెలుగు:
నా దగ్గర 1972 నాటి ఎం.జి.బి. జి.టి. అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. వేడెక్కిన తరువాత ఆయిల్ ప్రెషర్ బాగా పడిపోతోంది. పల్లం దిగి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే నీలి పొగ వస్తోంది. ఇంజిన్‌ను షెడ్డులోనే దించి, బ్లాకును బోరింగుకు (అరిగిన సిలిండర్లను కోసి కాస్త పెద్దవి చేయించడానికి) పంపకుండా, కొత్త పిస్టన్ రింగులు, బేరింగ్ షెల్స్ (క్రాంక్ షాఫ్ట్ తిరిగే చోట ఉండే పలుచని తొడుగులు) వేసి బిగించాలని నా ఉద్దేశం. 1798 సి.సి. పోత ఇనుప ఇంజిన్ కనుక ఓపిక ఉన్న మనిషి ఒక్కడే చేసుకోగల పనేనని అనుకుంటున్నాను. అనుభవజ్ఞులు అభిప్రాయం చెప్పగలరు.

మైక్రాన్ మాస్టారు:
ఇంజిన్ విప్పకముందే ఏమేమి మార్చాలో నిర్ణయించుకోవడం తగదు. మీరు చెప్పిన పొగ రింగుల కన్నా వాల్వు గైడ్ల (వాల్వు కాడ కదిలే గొట్టాల) అరుగుదలనే ఎక్కువగా సూచిస్తుంది. రింగులు పోయిన బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఎడతెగకుండా పొగ వదులుతుంది. ఇక సిలిండరు పైనుంచి కిందికి ఒకే విధంగా అరగదు. పై రింగు ఆగి వెనక్కి మళ్లే చోట అరుగుదల ఎక్కువగా, అడుగున దాదాపు లేకుండా ఉంటుంది కాబట్టి, 80.26 మి.మీ. ఉండవలసిన బోరును (సిలిండరు లోపలి వ్యాసాన్ని) పైన, మధ్యన, కింద, ప్రతిచోటా రెండు దిక్కులలో బోర్ గేజ్‌తో కొలిచిన తరువాతే రింగులతో సరిపోతుందో లేదో చెప్పగలం. పైన గట్టు కట్టిన బోరులో కొత్త రింగు వేస్తే, అది ఆ గట్టుకు తగిలి విరిగే ప్రమాదం ఉంది. గోరుతో తడిమి బాగానే ఉందని చెప్పేవారి మాట వినకండి.

సీసం రోజులు:
హెడ్‌లో (సిలిండర్ల పై మూతలో) గట్టి వాల్వు సీట్లు, అంటే వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే వలయాలు, వేయించారా? సీసం కలిపిన పెట్రోలు 2000 జనవరి నుంచి బ్రిటన్‌లో సాధారణ అమ్మకంలో లేదు. అది లేకపోతే ఈ హెడ్లలో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు లోపలికి అరిగిపోతాయి. ముందు ఆ సంగతి తేల్చండి.

ఆటోనగర్ అబ్బాయి:
ఈ ఇంజిన్ మనకు పరాయిది కాదు. అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వచ్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజిన్ కూడా ఇదే బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబానికి చెందినది. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. కారుకు మొదట పెట్టినదీ ఆ 1489 సి.సి. ఇంజినే. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి బోరింగ్ షాపుకు ఆ బ్లాకులు వస్తూ ఉండేవి. ఒక పెద్దమనిషి బోరింగ్, హానింగ్ (బోరు గోడకు తుది మెరుగు పెట్టడం) మా దగ్గర చేయించుకొని, మిగతాది ఇంట్లో బిగించుకున్నారు. ఆయిల్ గ్యాలరీల (బ్లాకులో ఆయిల్ పారే దారుల) ప్లగ్గులు విప్పి, వేడి సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి కడగమని నాన్నగారు చెప్పినా, ఆయన పెట్రోలు గుడ్డతో తుడిచి సరిపెట్టారు. లోపల మిగిలిన రజను బేరింగులను తినేసింది. ఆయన మాత్రం బోరింగ్ షాపువాడే పాడు చేశాడని ఊరంతా చెప్పుకొచ్చారు.

పాత బండి:
క్యామ్ (వాల్వులను తెరిపించే షాఫ్టు) మారిస్తే, దాని మీద ఆని కదిలే ట్యాపెట్లు కూడా కొత్తవే వేయండి. మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడిల్‌లో వదలకుండా, 2000 ఆర్.పి.ఎం.కు తగ్గకుండా 20 నిమిషాలు నడపాలి.

మైక్రాన్ మాస్టారు:
ఆటోనగర్ వారి అనుభవం బాధాకరమే గానీ, అడిగిన ప్రశ్నకు అది సమాధానం కాదు. టాక్సీని ఎలాగో మళ్లీ రోడ్డెక్కించడం వేరు, యాభై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారు ఇంజిన్‌ను కొలతల ప్రకారం నిలబెట్టడం వేరు. కొలతలు కాగితం మీద రాసే అలవాటు లేని చోట బొటనవేలే మైక్రోమీటరు.

సీసం రోజులు:
సీట్ల గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్ అబ్బాయి:
మాస్టారూ, మా నాన్నగారు వాడిన మైక్రోమీటరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎండ కాసిన ఆదివారం నాడు బయటకు తీసే కారు ఇంజిన్ కన్నా, పగలూ రాత్రీ తిరిగి డ్రైవరు ఇంటికి బియ్యం తెచ్చే ఇంజిన్‌ను కట్టేవాడికే జాగ్రత్త ఎక్కువ ఉండాలి. అది ఆగితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మీరంతా బోరింగు, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్, గైడ్లు, సీట్లు షాపులో చేయించి, ఇంటికి తెచ్చి బోల్టులు బిగించి, ప్రదర్శనలో బానెట్ ఎత్తి, అంతా మా చేతులతోనే కట్టామని చెప్పుకుంటారు. ఇంజిన్ బాగా నడిస్తే యజమాని నైపుణ్యం, పట్టేస్తే షాపువాడి తప్పు! ఇంట్లో చేసుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు, ఈ లెక్క మీదే ఉంది.

కవెంట్రీ తెలుగు:
బోరింగుకు పంపనన్నది డబ్బుకు వెనకాడి కాదు, దానికి వేరే కారణం ఉంది. ఇక్కడి ఒక గ్యారేజీకి కొన్నేళ్ల క్రితం ఇదే ఇంజిన్‌ను ఇచ్చాను. కొత్త షెల్స్ వేశామని బిల్లులో రాశారు. తరువాత ఆయిల్ కారుతోందని సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పితే, లోపల రాగి బయటపడిన పాత షెల్స్ కనిపించాయి. నా కళ్ల ముందు జరగని పనిని ఇక నమ్మలేను.

మైక్రాన్ మాస్టారు:
మీకు నమ్మకం పోయినంత మాత్రాన కోలగా అరిగిన బోరు గుండ్రంగా మారదు. విప్పేటప్పుడు మెయిన్ బేరింగ్ క్యాపులు తారుమారు కాకుండా గుర్తులు పెట్టుకోండి. అవి ఏ స్థానంలోవి ఆ స్థానంలోకే వెళ్లాలి. బోరు, క్రాంక్ జర్నళ్ల (బేరింగుల్లో తిరిగే భాగాల) కొలతలు మీరే తీసి రాసుకోండి. బోరింగు తప్పదని తేలితే, ఓవర్‌సైజ్ పిస్టన్లు ముందుగా కొని బ్లాకుతో పాటు ఇవ్వండి. పిస్టన్ చేతిలో ఉంటేనే దానికి తగిన గ్యాపుతో బోరు చేయగలరు. తిరిగి వచ్చాక మీ గేజ్‌తోనే మళ్లీ కొలవండి. సీసం రోజులు గారూ, హెడ్ ఎలాగూ గైడ్ల కోసం షాపుకు వెళుతుంది, సీట్లు అప్పుడే వేయించవచ్చు.

ఆటోనగర్ అబ్బాయి:
కొలిచి ఇవ్వండి, కొలిచి తీసుకోండి. దానికి ఏ మంచి షాపువాడూ నొచ్చుకోడు. అయితే బ్లాకును చివరిసారి కడిగే బాధ్యత ఎవరిదో కూడా ఆ కాగితం మీదే రాయాలి.

కవెంట్రీ తెలుగు:
కడగడం నాదే. ప్లగ్గులు కూడా నేనే విప్పుతాను, అది మాత్రం ఎవరికీ ఇవ్వను.

ఆటోనగర్ అబ్బాయి:
మంచిది. బేరింగు పోయిన రోజున ఆ మాట కూడా ఇక్కడే రాయండి.