ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు వేయాలంటే పాత 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై) చాలుతుందా?

వీరవాసరం_డెస్క్‌టాప్:
ఐ3-10100, 16 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక హార్డ్‌డిస్కు ఉన్న సిస్టమ్ అండి. బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) పని కోసం 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 వేయాలి. క్యాబినెట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద పెద్దక్షరాల్లో 450 అని ఉంది. కింద చిన్నక్షరాల్లో +12వీ (వోల్టులు) దగ్గర 16ఏ (ఆంపియర్లు). గ్రాఫిక్స్ కార్డు వైరు దానికి లేదు. షాపులో మాత్రం మోలెక్స్ (పాత డిస్కులకు కరెంటిచ్చే నాలుగు పిన్‌ల ప్లగ్గు) కన్వర్టర్ పెడితే నడిచిపోతుంది అంటున్నారు. రాత్రిపూట రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు తిరిగితే మా లైన్‌లో వోల్టేజి 180కి పడిపోతుంది. 600 వీఏ యూపీఎస్ ఉంది. ఏం మార్చాలి, ఏం ఉంచుకోవచ్చు?

పాలకొల్లు_హార్డ్‌వేర్:
450ని వదిలేయండి, 16ఏ ని చూడండి. 12 × 16 = 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ఆ 12 వోల్టుల లైన్ మీదే. 3060 ఒక్కటే 170 వాట్లు లాగుతుంది. మీ ప్రాసెసర్ 10100 టర్బోలో (పూర్తి వేగంలో) 90 దాకా వెళ్తుంది. బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకు ఇంకో 50 వేసుకోండి. మొత్తం 310. పైగా కార్డు లోడ్ మారినప్పుడల్లా మిల్లీసెకన్ల పాటు 170ని బాగా దాటి ఎగురుతుంది. రెండర్ మధ్యలో బ్లూస్క్రీన్ కూడా రాకుండా టప్పున ఆగిపోయే సిస్టమ్‌లలో ఎక్కువ శాతం జబ్బు ఇదే.

కన్వర్టర్ జోలికి అస్సలు వెళ్లకండి. కార్డు గుచ్చే మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75 వాట్లకు మించి రాదు, మిగిలిన వంద దాకా వైరు మీదే రావాలి. అంటే 8 ఆంపియర్లు. అసలైన 8 పిన్ కేబుల్‌లో దాన్ని మూడు 12 వోల్టుల వైర్లు పంచుకుంటాయి. మోలెక్స్‌లో పసుపు వైరు ఒక్కటే. పిన్ కాస్త వదులైతే చాలు, ప్లాస్టిక్ కరిగిపోతుంది.

ఎన్‌విడియా ఈ కార్డుకు చెప్పింది 550 వాట్లు. 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని తెలిపే గుర్తు) ఉన్న 550 తీసుకోండి, లేబుల్ మీద 12వీ దగ్గర కనీసం 40ఏ ఉండాలి. తర్వాత 4070 లాంటి పెద్ద కార్డు వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే 650కి వెళ్లండి. అది లేకపోతే ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టడం మేలు.

మొగల్తూరు_ఎలక్ట్రికల్:
మన వైపు వాళ్లు లేబుల్‌లో ఇంకో లైన్ కూడా చదవాలి: ఇన్‌పుట్. కొన్నిటి మీద 200-240వీ, కొన్నిటి మీద 100-240వీ అని ఉంటుంది. మీ లైన్‌కు రెండోదే కావాలి. యాక్టివ్ పీఎఫ్‌సీ (లైన్ నుంచి కరెంటును సమంగా తీసుకునే సర్క్యూట్) లేని పాత రకంలో 230 దగ్గర లోపలి కెపాసిటర్లకు 325 వోల్టులు ఎక్కితే, 180 దగ్గర 254 మాత్రమే ఎక్కుతాయి. నిలవ ఉండే శక్తి 60 శాతానికి పడిపోతుంది. అందుకే కరెంటు రెప్పపాటు పోయినా రీస్టార్ట్ అవుతుంది. పీఎఫ్‌సీ ఉన్నది 180లోనూ లోపల అదే వోల్టేజి నిలబెడుతుంది.

యూపీఎస్ కూడా మారాలండి. 600 వీఏ అంటే మామూలుగా 360 వాట్లే. లోపల 310 వాడితే, ఎస్‌ఎంపీఎస్‌లో వృథా అయ్యేది కలిపి గోడ నుంచి దాదాపు 365 లాగుతుంది, మానిటర్ అదనం. 1000 వీఏ, 600 వాట్లది చూడండి. పీఎఫ్‌సీ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కు సైన్‌వేవ్ (గోడ కరెంటులా నునుపైన అల) ఇచ్చేదైతే బ్యాటరీ మీదకు మారేటప్పుడు ఇబ్బంది ఉండదు.

ఎర్త్ చూశారా? మల్టీమీటర్‌తో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230కి దగ్గరగా, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటే ఎర్త్ లేనట్టే. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ కెపాసిటర్లు బాడీని సగం వోల్టేజిలో వేలాడదీస్తాయి. సముద్రం దగ్గర ఊళ్లలో ఎర్త్ గుంటలో పైపు బాగానే ఉంటుంది కానీ, వైరు బిగించిన క్లాంపు ఉప్పుకి తినేసి ఉంటుంది. ముందు అక్కడ గీకి చూడండి.

వీరవాసరం_డెస్క్‌టాప్:
న్యూట్రల్-ఎర్త్ 40 చూపిస్తోందండి, ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాను. యూపీఎస్ బదులు ఇంటి ఇన్వర్టర్ మీద నడపొచ్చా? సెమీ మాడ్యులర్ (కొన్ని కేబుళ్లు విడిగా ఊడదీసుకునే) ఎస్‌ఎంపీఎస్ కొంటే స్నేహితుడి దగ్గర మిగిలిన కేబుళ్లు వాడుకోవచ్చా?

మొగల్తూరు_ఎలక్ట్రికల్:
ఇన్వర్టర్ సైన్‌వేవ్‌దైతే, వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టి నడపొచ్చు. అయితే ఆ మోడ్‌లో సుమారు 180 కంటే తగ్గితే బ్యాటరీకి మారిపోతుంది. మీ లైన్ సరిగ్గా ఆ గీత మీదే ఉంది కాబట్టి రాత్రంతా అటూ ఇటూ మారుతూ బ్యాటరీ దిగిపోతుంది. ముందు స్టెబిలైజర్ పెట్టండి, లేదా యూపీఎస్సే కొనండి.

పాలకొల్లు_హార్డ్‌వేర్:
స్నేహితుడి కేబుళ్లు వద్దు. డిస్కు వైపు పిన్‌లు అన్నిటికీ ఒకటే కానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు వరుస కంపెనీకో రకం. ఒకే కంపెనీలోనూ మోడల్‌కో రకం ఉంటుంది. చక్కగా పడుతుంది, 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తుంది, ఎస్‌ఎస్‌డీ డేటాతో సహా పోతుంది. పెట్టెలో వచ్చినవే వాడండి. బిగించేటప్పుడు 4+4 అని ఉన్నది ప్రాసెసర్‌కు, 6+2 అని ఉన్నది కార్డుకు. పడటం లేదంటే తప్పు కేబుల్ పట్టుకున్నట్టే, బలంగా నొక్కకండి.