హెచ్‌పీవీ క్యాంపులో సుఖవ్యాధుల పరీక్షలు కూడా కలపాలా? (హన్మకొండ)

పద్మాక్షిగుట్ట, ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్తే. మా కాలనీ మహిళా కమిటీ తరఫున వచ్చే నెల హెచ్‌పీవీ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తెచ్చే వైరస్) పరీక్ష క్యాంపు పెడుతున్నం. పోయినేడు మా గల్లీలనే ఒకామెకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ మూడో స్టేజీల బయటపడ్డది. అంతకుముందు రెండేండ్లు తెల్లబట్టకు గోలీలు మింగుకుంట తిరిగింది. లోపల ఒక్కపారి చూసినోళ్లు లేరు. ఆమె దినాల నాడు కూసున్న దగ్గరనే ఈ క్యాంపు ముచ్చట పుట్టింది. ముప్ఫై దాటినోళ్లు అరవై మంది పేర్లు ఇచ్చిన్రు.

ఇప్పుడు లొల్లి ఏందంటే, ల్యాబోళ్లు రెండు కొటేషన్లు పంపిన్రు. ఒకటి ఉత్త హెచ్‌పీవీ. రెండోది కాంబో: అదే దూదిపుల్ల మీద హెచ్‌పీవీతో పాటు క్లమీడియా, గనేరియా, ట్రైకోమోనాస్, ఇంకో నాలుగు క్రిములు. రేటు దాదాపు రెట్టింపు. కమిటీల సగం మంది "ఎట్లాగూ నమూనా తీస్తున్నం, అన్నీ ఒక్కపారే చూపిచ్చుకుంటే పోలే" అంటున్నరు. మిగిలినోళ్లు "సుఖవ్యాధి అన్న మాట కాయితం మీద కనవడితే ఒక్కతి గడప దాటదు" అంటున్నరు. నేను మొదటి జట్టు. కాదనేటోళ్లు ఎందుకో చెప్పండి.

సూక్ష్మదర్శిని, ఆదివారం రాత్రి 10.15

పదకొండేళ్లుగా ల్యాబ్‌లో పీసీఆర్ (నమూనాలో క్రిమి జన్యువును వెతికే పరీక్ష) పని చేస్తున్నాను అక్కా. ముందు ఆ "ఇంకో నాలుగు" ఏమిటో కొటేషన్‌లో చూడండి. చూడకుండానే చెప్తాను: మైకోప్లాస్మా జెనిటాలియం, మైకోప్లాస్మా హోమినిస్, యూరియాప్లాస్మా రెండు రకాలు. ఏడు క్రిముల కిట్లు చాలావరకు ఇలాగే వస్తాయి. వీటిలో చివరి మూడూ ఏ జబ్బూ లేని ఆడవాళ్లలో కూడా మామూలుగా ఉండేవే. ఆ మూడింటినీ రివాజుగా వెతకడం వద్దని ఐరోపా నిపుణుల బృందం 2018లోనే రాసింది. మీ అరవై మందిలో చాలామందికి ఎర్రక్షరాలతో పాజిటివ్ వస్తుంది, ఎవరికీ అక్కర్లేని యాంటీబయాటిక్ కోర్సులు మొదలవుతాయి. కిట్‌లో ఆ పేర్లు ఉన్నాయి కాబట్టి రిపోర్టులో కొడతారు, అంతే. దాన్ని రోగం అనుకుని మంచం పట్టినవాళ్లను నేను చూశాను.

ఇంకో లెక్క. వెయ్యి మందిలో పది మందికే నిజంగా క్లమీడియా ఉందనుకోండి. లేనివాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి సరిగ్గా "లేదు" అని చెప్పే మంచి పరీక్షే అనుకుందాం. అయినా మిగిలిన 990 మందిలో దాదాపు పది మందికి ఉత్తుత్తి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ కాగితం పట్టుకున్న ఇరవై మందిలో సగం మందికి రోగమే లేదు. ఆ కాగితం ఏ ఇంట్లో ఏం చేస్తుందో నేను చెప్పక్కర్లేదు.

కాజీపేట జంక్షన్, ఆదివారం రాత్రి 10.50

లెక్కలు బాగనే ఉన్నయ్ అన్నా. నా లెక్క గూడ ఇనండి.

పందొమ్మిదేండ్లకు పెండ్లయింది. నాలుగేండ్లు పిల్లలు కాలే. ఐనవోలు మల్లన్నకు పట్నాలు ఏసినం, అత్తమ్మ చెప్పిన పసర్లన్నీ తాగిన. ఆఖరికి లోపలికి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే రెండు ట్యూబులూ మూసుకపోయినయ్ అన్నరు. ఆ మందు ఎక్కిస్తుంటే పానం పోయినంత నొప్పి. "ఎప్పుడో ఇన్ఫెక్షన్ అయి ఉంటది, నీకు తెల్వలే" అన్నది డాక్టరమ్మ. నాకు మంట లేదు, వాసన లేదు, జరం లేదు. క్లమీడియా ఆడవాళ్లల్ల ఎక్కువ శాతం సప్పుడు చేయకుంటనే ఉంటదట. లక్షణం ఉంటేనే చూస్తం అంటే నాలాంటోళ్లను ఎవరు పట్టుకోవాలె? చుట్టుపక్కల తలా ఒక మాట అన్న నాలుగేండ్లు ఎవరు తిరిగిస్తరు?

అందుకే నేను పద్మాక్షి అక్క జట్టు. రేటు ఎక్కువైతే చందాలు ఎత్తండి.

తెల్లకోటు, సోమవారం ఉదయం 6.20

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. గైనిక్‌లో ఉన్నాను.

కాజీపేట అక్కా, మీరు చెప్పిందే కాంబోకి అసలైన అడ్డు. మీకు ట్యూబులు పోయిన వయసెంత? పందొమ్మిదికీ ఇరవై మూడుకీ మధ్య. క్లమీడియా ఎక్కువగా కనిపించేది ఇరవై ఐదు లోపే. అమెరికాలో ఏటా ఆ పరీక్ష చేయమనేది ప్రధానంగా ఆ వయసు వాళ్లకే. హెచ్‌పీవీ సంగతి తలకిందులు. కుర్రవయసులో హెచ్‌పీవీ తగలడం మామూలు, చాలామందిలో రెండేళ్లలోపు దానంతట అదే పోతుంది. పోకుండా తిష్ట వేసినప్పుడే పది ఇరవై ఏళ్లకు క్యాన్సర్ దాకా వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో ముప్ఫై నుంచి మొదలుపెట్టమంది, ఐదు నుంచి పదేళ్లకోసారి చాలంది. ముప్ఫై దాటిన అరవై మందికి క్లమీడియా పరీక్ష పెట్టి, పక్కింట్లో కొత్తగా పెళ్లయిన అమ్మాయిని వదిలేస్తే ఎవరికి మేలు? చెరువు ఎండాక తూముకు తలుపు బిగించినట్టు.

ఒకే పుల్ల సరిపోతుందన్న మాట నిజమే. సొంతంగా తీసుకున్న నమూనాతో రెండూ చేయొచ్చు. టీబీకి వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ మిషన్ మీదే హెచ్‌పీవీకి వేరే కార్ట్రిడ్జ్, క్లమీడియా గనేరియాలకు వేరే కార్ట్రిడ్జ్ ఉన్నాయి. మిషన్‌కు కుదురుతుంది. మనుషుల వయసుకే కుదరదు.

పద్మాక్షిగుట్ట, సోమవారం ఉదయం 7.05

డాక్టర్ గారూ, ఈ వయసు సంగతి మాకు ఎవరూ చెప్పలే. కానీ ఒక్క డౌటు. హెచ్‌పీవీ గూడ అట్ల అంటుకునేదే గదా? దానికి సిగ్గు లేనిది దీనికి ఎందుకు?

తెల్లకోటు, సోమవారం ఉదయం 7.30

మంచి ప్రశ్న. అట్లా అంటుకునేదే. కానీ దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. అందుకే "క్యాన్సర్ పరీక్ష" అనే చెప్తాం, అబద్ధం కాదు. మొగుడికి మందు లేదు, అవసరమూ లేదు. క్లమీడియా అలా కాదు. ఆమెకు ఇచ్చి ఆయనకు ఇవ్వకపోతే మళ్లీ అంటుకుంటుంది. అంటే ఆ ఫలితం ఆమె ఒక్కతిదే అయి ఉండదు. ఆయన దాకా పోవాల్సిందే.

నర్సంపేట సిస్టర్, సోమవారం మధ్యాహ్నం 2.10

అన్నం తినుకుంట చదువుతున్న. మొగడి దాకా పోవాలె అన్నరు గదా, అది ఎట్ల పోతదో నేను చెప్త.

మా దగ్గర సుఖవ్యాధులకు సర్కారు సురక్ష క్లినిక్ పద్ధతి. పరీక్ష కాదు, లక్షణం చూసి రంగుల కిట్లు. గర్భసంచి మూతికి ఇన్ఫెక్షన్ అనుకుంటే బూడిద రంగు కిట్టు, అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ గోలీలు, ఒక్కటే డోసు. దురద, పెరుగులాంటి తెల్లబట్ట అయితే పచ్చ కిట్టు. బూడిద కిట్టు ఇచ్చినప్పుడు రెండు ఇస్తం, ఒకటి ఆమెకు ఒకటి ఆయనకు. మిర్చి ఏరే సీజన్ల ఒకామె వచ్చింది, రెండు కిట్లు కొంగున కట్టుకొని పోయింది. రెండు నెలలకు మళ్లా అదే బాధతోటి వచ్చింది. "మరి ఆయన ఏసుకున్నడా" అంటే నేలచూపులు. బియ్యం డబ్బల దాసిపెట్టిందట. "ఇస్తే ఎందుకని అడుగుతడు సిస్టర్, ఏం చెప్పాలె" అన్నది. ఆ కిట్టు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది, అట్టపెట్టె మీద బియ్యప్పిండి ఇంకా ఉన్నది.

మీ క్యాంపుల పదిమందికి పాజిటివ్ వస్తే పది డబ్బలు అనుకోండి. ల్యాబు రిపోర్టు ఇచ్చి చేతులు దులుపుకుంటది. ఆమె ఎదురుంగ కూసొని మాట్లాడేది ఎవరు?

దుబాయ్ రిటర్న్, సోమవారం రాత్రి 8.45

జగిత్యాల దిక్కు మాది. పద్నాలుగేండ్లు దుబాయిల చేసి వచ్చిన. మొగోళ్ల తరఫున ఒక మాట. మా ఊర్లె రెండేండ్లకోసారి ఇంటికి వచ్చేటోళ్లే ఎక్కువ. మొగడు లేనప్పుడు పెండ్లానికి ఈ రిపోర్టు వస్తే ఏమైతదో ఊహించుకోండి. అత్తగారు చదివించుకునేదాకా ఆగదు, ఊరు ముందే తీర్పు చెప్తది. తెచ్చింది మొగడే అయి ఉండొచ్చు, పోయినసారి వచ్చినప్పుడే అంటించి ఉండొచ్చు. పేరు మాత్రం ఆమెది ఖరాబయితది.

కాజీపేట జంక్షన్, సోమవారం రాత్రి 9.00

అన్నా, ఆ పేరు ఖరాబయితదని మమ్మల్ని పరీక్షే వద్దంటే ఎట్ల? మీరు రాంగనే విమానాశ్రయంల మీకు చేయిస్తే సరిపోతది గదా.

దుబాయ్ రిటర్న్, సోమవారం రాత్రి 9.20

అది గూడ కరెక్టే చెల్లె. పోయేముందు వీసా మెడికల్‌ల రక్తం తీసి హెచ్‌ఐవీ చూస్తరు. వచ్చినంక చూసినోడు లేడు.

సూక్ష్మదర్శిని, సోమవారం రాత్రి 10.05

హెచ్‌ఐవీ మాట వచ్చింది కాబట్టి. కలపడం అనేది ఒక్కచోట నిజంగా అవసరం, కానీ అటు నుంచి ఇటు. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం ఆరు రెట్లు. వాళ్లకు హెచ్‌పీవీ పరీక్ష ఇరవై ఐదు నుంచే, మూడు నుంచి ఐదేళ్లకోసారి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వచ్చే ప్రతి ఆమెకూ ఈ పరీక్ష అందాలి. మీ క్యాంపులో హెచ్‌ఐవీ పెట్టడం కన్నా అక్కడ హెచ్‌పీవీ పెట్టడం వల్ల ప్రాణాలు ఎక్కువ నిలబడతాయి. పైగా ఆమె ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయడం 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం కుదరదు. ప్యాకేజీలో కలిపేసి సంతకం పెట్టించుకుంటే అది ఒప్పుకోవడం కాదు.

తెల్లకోటు, మంగళవారం ఉదయం 5.50

నిన్న చెప్పడం మరిచిన ఇంకో సంగతి. మన దగ్గర తెల్లబట్ట కథ ఎక్కడ ముగుస్తుందో మీకందరికీ తెలుసు. గోలీలు, స్కానింగు, "మూతి పుండు పడ్డది, క్యాన్సర్ అయితది" అని ఒక బెదిరింపు, ఆఖరికి గర్భసంచి తీసేయడం. దేశంలో గర్భసంచి తీసేయించుకున్న ఆడవాళ్లు ఎక్కువున్నది ఆంధ్ర, తెలంగాణల్లోనే. నలభై కూడా నిండకుండా తీయించుకున్నవాళ్లు రోజూ వస్తారు, ఎముకల నొప్పులని. వాళ్లలో చాలామందికి కావాల్సింది ఒక హెచ్‌పీవీ పరీక్ష, ఒక వారం మందులు. అందుకే తెల్లబట్ట ఉన్నామెకు క్లమీడియా, గనేరియా, ట్రైకోమోనాస్ మూడూ చూడటానికి నేను అడ్డు చెప్పను, చూడమనే అంటాను. ఏ బాధా లేని అరవై మందినీ వరుసగా నిలబెట్టి చూడటానికే అడ్డం.

గర్భసంచి మూతికి వెనిగర్ లాంటి ద్రావకం పూసి, తెల్లమచ్చలు వస్తాయేమో చూసే పరీక్షకూ ఈ ఇన్ఫెక్షన్లకూ సంబంధం ఉంది. మూతి ఇన్ఫెక్షన్‌తో ఎర్రబడి ఉంటే తెల్లమచ్చలు చదవడం కష్టం. హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చినామెను ఆ పరీక్షకు పంపేముందు ఇన్ఫెక్షన్ తగ్గించడం మంచిది. ట్రైకోమోనాస్, క్లమీడియా ఉన్నవాళ్లలో హెచ్‌పీవీ ఎక్కువ కనిపించిందన్న అధ్యయనాలు ఉన్నాయి, కానీ ఇవి నయం చేస్తే క్యాన్సర్ ఆగుతుందని ఎవరూ రుజువు చేయలేదు. ల్యాబ్ వాళ్లు ఆ మాట చెప్పి అమ్మితే నమ్మకండి.

హెచ్‌పీవీకి అలాంటి రుజువు ఉంది. మన పొరుగున మహారాష్ట్రలో, అప్పటి ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో లక్షా ముప్ఫై వేల మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన జట్టులో ఈ క్యాన్సర్ చావులు సుమారు సగానికి తగ్గాయి. ఒక్కసారికే! మన దేశంలో ముప్ఫై నుంచి నలభై తొమ్మిది మధ్య ఆడవాళ్లలో ఈ క్యాన్సర్‌కు ఏ పరీక్ష అయినా ఒక్కసారి చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు, ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్క. కాంబో డబ్బులతో ఇంకో అరవై మందికి హెచ్‌పీవీ చేయొచ్చు కదా?

నర్సంపేట సిస్టర్, మంగళవారం ఉదయం 7.40

ఇయ్యాల మంగళవారం, సర్కారు దవాఖానల ఆరోగ్య మహిళ రోజు. 2023 మార్చిల మొదలైనప్పటి సంది మంగళవారం అంటే ఆడోళ్లకే. క్యాన్సర్ చూసుడు, సుఖవ్యాధులు చూసుడు రెండూ ఆ లిస్టులనే ఉన్నయ్. అంటే సర్కారు ఎప్పుడో కలిపింది, కానీ ఒక్కో గదికి ఒక్కో పని. ఆమె ఏ గదిలకు పోయిందో బయట బెంచీ మీద కూసున్నోళ్లకు తెల్వదు. కాలనీ కమ్యూనిటీ హాల్ల ఆ గదులు ఏడికెళ్లి తెస్తరు?

పద్మాక్షిగుట్ట, బుధవారం రాత్రి 9.15

నిన్న కమిటీ కూసున్నం. నేను జట్టు మారిన. ఉత్త హెచ్‌పీవీ అని తీర్మానం, మిగిలిన పైసలతోటి వడ్డేపల్లి దిక్కు ఇంకో క్యాంపు. తెల్లబట్ట, కడుపునొప్పి ఉన్నోళ్లను మంగళవారం దవాఖానకు ఇద్దరిద్దరిని మేమే తోలుకపోతం. కొత్తగా పెండ్లయినోళ్ల సంగతి తేలలే, కాజీపేట చెల్లె ఒకపారి వచ్చి మాట్లాడితే బాగుంటది. ఇద్దరు ఇంకా అలిగే ఉన్నరు.

ఇంకోటి. ఇయ్యాల పేర్ల కాయితం మళ్లా ముందటేసుకొని చూసిన. అరవై మందిల ముప్ఫై ఎనిమిది మంది ఫోన్ నంబరు కాడ మొగోళ్ల నంబరు ఇచ్చిన్రు. ల్యాబోళ్లు రిపోర్టు వాట్సాప్‌లనే పంపుతరట. ఇప్పుడెట్ల?

నర్సంపేట సిస్టర్, బుధవారం రాత్రి 9.30

నంబరు కాలమే కొట్టేయి అక్కా. సీరియల్ నంబరు చీటీ ఆమె చేతుల పెట్టు. పదిహేను రోజులకు రిపోర్టులు మీ దగ్గరికి రానీయి, వాళ్లను పిలిచి చెప్పండి.

సూక్ష్మదర్శిని, బుధవారం రాత్రి 9.50

పాజిటివ్ వచ్చినామె రాకపోతే? హెచ్‌పీవీలో అసలు నష్టం అక్కడే. పరీక్ష చేసి వదిలేస్తే చేయనట్టే. మనిషిని పట్టుకోవడానికి ఏదో ఒక నంబర్ ఉండాలి.

కాజీపేట జంక్షన్, బుధవారం రాత్రి 10.00

ఆ గల్లీ ఆశమ్మ (ఆశ కార్యకర్త) నంబరు రాయండి. ఆమె ఎవరింటికి పోయినా ఎందుకు వచ్చినవని అడగరు. క్యాంపు నాడు నేను వస్త, కొత్త పెండ్లికూతుర్లను గూడ పిలువుండ్రి.

పద్మాక్షిగుట్ట, బుధవారం రాత్రి 10.10

రా చెల్లె. కాలమ్ కొట్టేసిన. చీటీలు కోస్తున్నం.