పోలీస్ టీమ్ నుంచి పసుపు జెర్సీ దాకా: మన హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు నిలబడలేదు?

అమలాపురం స్టాపర్:

అందరికీ నమస్కారమండీ. కోనసీమలో ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి ముందునుంచీ హైదరాబాదే సొంత జట్టు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ గొప్పలు చెప్పే పెద్దవాళ్ళూ, 2019 తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీ కొనుక్కున్న కుర్రాళ్ళూ ఒకే అరుగు మీద కూర్చుని వాదించుకుంటారు. గచ్చిబౌలి స్టేడియానికి లోక్‌సభ స్పీకర్‌గా చేసిన మన బాలయోగి గారి పేరు ఉండటంతో ఆ అభిమానం ఇంకో పాలు ఎక్కువ.

వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు కొట్టిన పోలీస్ టీమ్ ఎలా మాయమైపోయింది? 2022లో ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్ అయిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండేళ్ళకే అట్టడుగుకి ఎలా పోయింది? 2025లో అయితే ఏకంగా ఢిల్లీ తరలిపోయి పేరు కూడా మార్చేసుకుంది. "డబ్బుల్లేవు" అన్న ఒక్క మాట తప్ప ఎవరూ విడమరిచి చెప్పట్లేదు.

ఇంకొకటి. ఇక్కడ హైస్కూల్ గ్రౌండ్‌లో 8 నుంచి 14 ఏళ్ళ పిల్లలు నలభై మంది ఆడుతున్నారు. పోలీస్ టీమ్ కోచ్ రహీమ్ సాబ్ పద్ధతుల్లో వీళ్ళకి పనికొచ్చేవి ఏమిటో తెలిసినవాళ్ళు చెప్పండి. గ్రౌండ్ నల్లరేగడి, వానాకాలమంతా నీళ్ళే.

కాకినాడ లెఫ్ట్ వింగ్:

ముందు కప్పుల లెక్క సరిచూసుకుందామండి, లేకపోతే జట్టు ఎప్పుడు పడిందో తెలియదు. హైదరాబాద్ సిటీ పోలీస్ రోవర్స్ కప్పు 1950, 51, 52, 53, 54లో వరసగా గెలిచింది, 1957లో మళ్ళీ గెలిచింది. డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957. రాష్ట్రం ఏర్పడ్డాక ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న పేరుతో 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్. 1962 రోవర్స్‌ను ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నారు, 1963లో మళ్ళీ గెలిచారు. అంటే 1950 నుంచి 1963 దాకా మధ్యలో రెండేసి ఏళ్ళ విరామాలు తప్ప పెద్ద కప్పులు వస్తూనే ఉన్నాయి. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌కి 1956-57, 1957-58లో, ఆంధ్రప్రదేశ్‌కి 1965-66లో వచ్చింది.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు 1943లో సిటీ పోలీస్ జట్టు చేపట్టి 1963 జూన్ 11న చనిపోయేదాకా వదల్లేదు. ఇరవై ఏళ్ళు ఒకే కోచ్. ఆయన మాస్టారు, పాఠం చెప్పినట్టే ఆట చెప్పేవారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్ళీ బంగారం, ఇవన్నీ ఆయన చేతి మీదుగానే. మెల్‌బోర్న్ జట్టులో నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నారంటే హైదరాబాద్ పునాది ఎంత గట్టిదో చూడండి.

జట్టు నిలబడటానికి అసలు ఆధారం కానిస్టేబుల్ ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం, ఆఖర్న పింఛను. కుర్రాడు పొద్దున్న గ్రౌండ్‌లో ఉంటాడు, ఇంటి బెంగ ఉండదు. మరి కలకత్తా క్లబ్బులు అంతకన్నా ఎక్కువ ఇవ్వడం మొదలెట్టాక? బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ వెళ్ళారు. 1966లో నయీముద్దీన్, హబీబ్ అదే దారి పట్టారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకి నయీముద్దీన్ కెప్టెన్, హబీబ్ ముందువరసలో ఉన్నారు. ఇద్దరూ హైదరాబాదీలే, ఆడేది మాత్రం కలకత్తాకి. తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా అంతే. పంట మన చేలోనే పండింది, ధాన్యం మాత్రం వాళ్ళ మిల్లుకి పోయింది.

దీనికి తోడు పోలీస్ లాంటి ప్రభుత్వ శాఖల జట్లన్నిటికీ ఉన్న చిక్కు ఒకటుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆటగాడికి 32 ఏళ్ళు వచ్చి ఆట మానేసినా ఉద్యోగం మానడు కదా, మానకూడదు కూడా. ఆ పోస్టు రిటైరయ్యేదాకా నిండే ఉంటుంది. స్పోర్ట్స్ కోటాలో కొత్త ఖాళీ రాకపోతే 18 ఏళ్ళ కుర్రాణ్ణి తీసుకునే దారే లేదు. రెండుమూడేళ్ళు ఖాళీలు రాకపోతే జట్టు సగటు వయసు పెరిగిపోతుంది, పరుగు తగ్గిపోతుంది. 1996లో జాతీయ లీగ్ మొదలై ఆటగాళ్ళని కాంట్రాక్టుల మీద కొనడం వచ్చాక శాఖ జట్టు ఆ పోటీలో నిలబడటం అయ్యే పని కాదు. కాబట్టి పోలీస్ టీమ్ రాత్రికి రాత్రి మాయమవలేదు. రహీమ్ గారు పోయిన ఏడాదే ఆఖరి రోవర్స్, అక్కణ్ణుంచి మెల్లమెల్లగా కరిగింది.

రాజమండ్రి స్కోర్‌బోర్డ్:

హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి నేను చెబుతాను. 2019-20లో 18 మ్యాచ్‌లకి 10 పాయింట్లు, ఆఖరి స్థానం. కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాక 2020-21లో 29 పాయింట్లు, అయిదో స్థానం. 2021-22లో 38 పాయింట్లతో రెండో స్థానం, పైగా ఫైనల్ గెలుపు. ఆ సీజన్లో ఒగ్‌బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. 2022-23లో 42 పాయింట్లు, మళ్ళీ రెండోది. ఆ మరుసటి ఏడు 22 మ్యాచ్‌లకి 8 పాయింట్లు, ఒక్కటే గెలుపు. 42 నుంచి 8కి!

ఆటగాళ్ళు వెళ్ళిపోవడం మామూలే. సౌవిక్, ఆశిష్ రాయ్ 2022లో, ఆకాశ్ మిశ్రా 2023లో వెళ్ళారు. మనోలో ఎఫ్‌సీ గోవాకి పోయాడు. మంచి జట్టుకి ఇది ప్రతి ఏడూ ఉండేదే, అమ్మినచోట కొత్తవాణ్ణి పెట్టుకుంటారు. ఇక్కడ అలా పెట్టుకునే వీలే లేకుండా పోయింది. ఎందుకంటే జీతాలు ఆగాయి.

ఫిఫా నియమం ఇలా నడుస్తుంది. రెండు నెలల జీతం బాకీ పడితే ఆటగాడు క్లబ్బుకి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి 15 రోజుల గడువు ఇవ్వాలి. ఆ లోపు కట్టకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకుని పోవచ్చు, మిగిలిన కాలానికి పరిహారం కూడా అడగొచ్చు. కేసు గెలిచాక క్లబ్బుకి 45 రోజులు టైమిస్తారు. అప్పటికీ కట్టకపోతే కొత్త ఆటగాళ్ళని నమోదు చేసుకోకుండా నిషేధం పడుతుంది, వరసగా మూడు ట్రాన్స్‌ఫర్ విండోల (కొత్త ఆటగాళ్ళని నమోదు చేసుకునే గడువుల) వరకూ. బాకీ తీరిస్తే అప్పుడే ఎత్తేస్తారు.

దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. ఉన్న విదేశీ ఆటగాళ్ళు నోటీసిచ్చి వెళ్ళిపోతారు. వాళ్ళ బదులు పైసా తీసుకోకుండా ఆడతానని ఎవడైనా వచ్చినా పేరు నమోదు చేయడానికి లేదు. 2023-24 రెండో సగంలో హైదరాబాద్‌కి మిగిలిన విదేశీ ఆటగాడు జోవావో విక్టర్ ఒక్కడే. మిగతా అంతా కుర్రాళ్ళు, నెలల తరబడి జీతం లేకుండా పరిగెత్తిన పిల్లలు. వాళ్ళని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ గెలవని జట్టుకి స్పాన్సర్ రాడు, స్పాన్సర్ రాకపోతే పాత బాకీ తీరదు, బాకీ తీరకపోతే నిషేధం పోదు. 2024లో కొత్త యజమానులు వచ్చారు, ఆ సీజన్ పదమూడు జట్లలో పన్నెండో స్థానంతో ముగిసింది. ఆ తర్వాతే ఢిల్లీ.

స్టాపర్ గారూ, మీ నలభై మంది పిల్లల జట్టుకీ ఇదే లెక్క వర్తిస్తుంది. కోచ్‌కి ఇచ్చేది ఎంత చిన్న మొత్తమైనా మూడు నెలలది ముందే బ్యాంకులో వేసి ఉంచండి. ఖాతా ఇద్దరి సంతకాల మీద నడపండి. ఏ టోర్నమెంట్ ఖర్చుకీ ఆ మూడు నెలల డబ్బు ముట్టుకోవద్దు.

పాలకొల్లు పసుపుచొక్కా:

స్కోర్‌బోర్డ్ గారు చెప్పిన నియమాలన్నీ నిజమే, కానీ జీతాలు ఆగింది 2023లో. పునాది అంతకుముందే పడలేదని నేనంటాను. 2020-21, 2021-22 రెండు సీజన్లూ కరోనా వల్ల మొత్తం గోవాలోనే ఆడించారు. జట్టు పైకి లేచిన ఆ రెండేళ్ళూ గచ్చిబౌలిలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా జరగలేదు. తండ్రి కొడుకుని వెంటబెట్టుకుని స్టేడియానికి తీసుకెళ్ళాల్సిన రెండేళ్ళు అవే. టికెట్టు అలవాటు అప్పుడే పడాలి. పడలేదు.

2022 మార్చి 20, గోవా ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ తలుచుకోండి. స్టాండ్స్ నిండా కేరళ పసుపే. 68వ నిమిషంలో రాహుల్ కొట్టిన గోల్‌తో వాళ్ళు ముందుకెళ్ళారు. 88వ నిమిషంలో మనవాళ్ళ ఫ్రీకిక్‌ను వాళ్ళు తలతో బయటికి పంపారు. ఆ బంతి కిందపడక ముందే బాక్స్ అంచు నుంచి సాహిల్ తవోరా వాలీ! 1-1. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1. అంత అందమైన గెలుపు మన ఊరి జనం మధ్య కాక వేరే రాష్ట్రంలో జరిగిపోయింది. ఆ రోజు దిగిన పదకొండు మందిలో తెలుగు నేల కుర్రాడు ఒక్కడూ లేడు. నూర్ మొహమ్మద్ ఆడిన రోజుల్లో ప్రతి బస్తీలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఉండేవారు. జట్టు ఊరు విడిచి పోతుంటే అడ్డుపడేది అలాంటి జనమేనండి.

భీమవరం కోచింగ్:

రహీమ్ గారు పెట్టిన పోటీల్లో రెండు మన పిల్లలకి నేరుగా పనికొస్తాయి: చేతకాని కాలితోనే ఆడే టోర్నమెంట్, డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్.

నలభై మందిని అయిదుగురేసి ఎనిమిది జట్లు చేయండి. 30 మీటర్లు పొడవు, 20 మీటర్లు వెడల్పు సున్నం గీత. రెండు మీటర్ల గోలుకి వెదురు కర్రలు చాలు. సగానికి 10 నిమిషాలు. మొదటి రకంలో గోలు, పాసు చేతకాని కాలితోనే. మొదటి నెల బంతి ఆపడానికి మాత్రం ఏ కాలైనా ఒప్పుకోండి, లేకపోతే చిన్నపిల్లలు బిగుసుకుపోయి నిలబడతారు. ఇక్కడ జరిగే తప్పు ఏమిటంటే, కుడికాలి పిల్లాడు ఎడమతో కొట్టాల్సి వచ్చినప్పుడు బంతి చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ కుడివైపే చేరతాడు. అప్పుడు తన్నే కాలు చూడొద్దు, నిలబడ్డ కాలు చూడండి. అది బంతికి 10-15 సెంటీమీటర్ల పక్కన, బొటనవేలు గురివైపు ఉందా లేదా అన్నదే దిద్దాలి.

రెండో రకంలో బంతికి రెండు టచ్‌లే, పదేళ్ళలోపు వాళ్ళకి మూడు. దీంట్లో పిల్లలు భయపడి బంతిని దూరంగా తన్నేస్తారు. అందుకని మోకాలి ఎత్తు దాటిన బంతి ఫౌల్ అని పెట్టండి. వారంలోనే తలెత్తి చూసి పాసివ్వడం మొదలవుతుంది.

బంతి విషయం చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. 8 నుంచి 12 ఏళ్ళకి 4వ సైజు, అంటే 350-390 గ్రాములు. ఆపైన 5వ సైజు, 410-450 గ్రాములు. మన వానల్లో కుట్టు బంతి నీళ్ళు తాగి బరువెక్కుతుంది, అలాంటి బంతితో పిల్లల చేత హెడింగ్ చేయించొద్దు.

గ్రౌండ్‌కి మధ్యలో వెన్ను ఎత్తండి. 60 మీటర్ల వెడల్పు ఉంటే మధ్యన అంచుల కన్నా 30 సెంటీమీటర్లు ఎత్తు, నూటికి ఒకటి వాలు. రెండు పక్కలా 45 సెంటీమీటర్ల లోతు కాలవ తీసి పైపుతో ఊరి డ్రెయిన్‌లో కలపండి. ఆ పైపుకి తలుపు తప్పనిసరి. గోదావరికి వరదొచ్చినప్పుడు, సముద్రం పోటు మీదున్నప్పుడు డ్రెయిన్ నీళ్ళు ఎగదన్ని గ్రౌండ్‌లోకే వస్తాయి. తలుపు లేకుండా తీసిన కాలవ వల్ల ముంపు ఇంకా పెరుగుతుంది.

ఇసక పైన పోసి వదిలేయడం ఇంకో తప్పు. తడి రేగడి మీద పోసిన ఇసక ఒక్క వానాకాలంలో కిందికి దిగిపోతుంది. వేసవిలో ఎండబెట్టి, పై 10 సెంటీమీటర్లు దున్ని, ఇసక కలిపి, అప్పుడు చదును చేయండి. తడి మీద రోలర్ మాత్రం తిప్పొద్దు, నేల గట్టిపడి నీళ్ళు ఇంకవు. వాన వెలిశాక మడమ వేసి చూడండి, బొటనవేలి వెడల్పు కన్నా లోతు దిగితే ఆ రోజు ఆట లేదు.

అమలాపురం స్టాపర్:

అందరికీ పేరుపేరునా దండాలండీ. భీమవరం గారూ, వేసవిలో కాలవలు కట్టేస్తారు, మా బోరు నీళ్ళు ఉప్పన. గడ్డి బతకట్లేదు. ఏ గడ్డి వేయమంటారు?

భీమవరం కోచింగ్:

మన గట్ల మీద పెరిగే గరికేనండి. కొంత ఉప్పు తట్టుకుంటుంది, తొక్కినా మళ్ళీ లేస్తుంది. జులైలో వానలు పడ్డాక తీగలు తెచ్చి 15-20 సెంటీమీటర్ల దూరంలో నాటండి, ఆరేడు వారాలు ఎవరినీ తొక్కనివ్వొద్దు. ఆ తర్వాత మూడు సెంటీమీటర్ల ఎత్తున కోయిస్తూ ఉండండి. ఉప్పు నీళ్ళు రోజూ కొంచెం కొంచెం చల్లితే ఉప్పంతా పైపొరలో పేరుకుంటుంది, తెల్లగా పొర కట్టేది అందుకే. నాలుగైదు రోజులకి ఒకసారి, వేళ్ళ కిందికి దిగేటట్టు పెట్టండి. జూన్‌లో కాలవలు వదలగానే మంచినీళ్ళతో ఒకట్రెండు సార్లు నిండా తడిపి డ్రెయిన్ వైపు తలుపు తెరిచి వదలండి, పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. అంతకుముందే మట్టి పరీక్ష చేయించి ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పేది), పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం చెప్పేది) అంకెలు ఇక్కడ పెట్టండి. జిప్సం అవసరమో కాదో చూసి చెబుతాను.