జిమ్ డైటా, తిండి జబ్బా? పీజీ కుర్రాళ్లలో ఎలా పోల్చుకోవాలి?

ప్రశ్న (మారతహళ్లి మెస్):
బెంగళూరులో చదివే మన తెలుగు కుర్రాళ్లకి సాయపడే వాలంటీర్ల కోసం అడుగుతున్నా. ఈటింగ్ డిజార్డర్ అనగానే అందరికీ బక్కచిక్కిన అమ్మాయే గుర్తొస్తుంది. మగపిల్లల్లో ఎలాంటి మనస్తత్వం ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ? తిండి జబ్బుని పసిగట్టడానికి వాడే స్కాఫ్ ప్రశ్నలు అడిగితే చాలా?

పెరుగన్నం:
స్కాఫ్ 1999 నాటిది. ఐదు ప్రశ్నల్లో రెండిటికి అవునంటే వివరంగా చూడాలి. చిక్కేంటంటే, అందులో ఒకటి 'నువ్వు బాగా సన్నగా ఉన్నావని జనం అంటున్నా లావుగానే ఉన్నాననుకుంటావా' అని. కండలు చాలట్లేదని కుమిలేవాడు దానికి లేదనే అంటాడు, అబద్ధమూ కాదు. ఈ కండల దిగులుకి మజిల్ డిస్మార్ఫియా అని పేరు. మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం-5 (2013) దీన్ని తిండి జబ్బుల్లో కాక బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ (ఒంట్లో ఏదో లోపం ఉందని అదే పనిగా మథనపడే జబ్బు) కింద పెట్టింది. అనొరెక్సియా (లావవుతానన్న భయంతో తిండి బాగా తగ్గించేసే జబ్బు) అని తేల్చాలంటే నెలసరి ఆగాలన్న షరతు, అంటే మగవాళ్లకి వర్తించనిది, తీసేసిందీ ఆ పుస్తకమే.

ఇక మనస్తత్వం. చిన్నప్పుడు 'బొండాం' అనో 'బక్కోడా' అనో పడ్డ వెక్కిరింపులు, ఆందోళన, తన విలువంతా ఒంటితోనే కొలుచుకోవడం ఉంటాయి. నన్నడిగితే మొదట చూడాల్సింది 'అయితే నూటికి నూరు, లేకపోతే సున్నా' అనే ధోరణి. చికెన్ గ్రాముల్లో తూచుకుంటాడు, నూనె లెక్క తెలీదని పీజీ సాంబారు ముట్టడు. అంతవరకూ డైటే అనుకోవచ్చు. స్నేహితుడి పుట్టినరోజున కేకు ముక్క తిని, దాన్ని 'కరిగించడానికి' రాత్రి పదకొండింటికి పరిగెత్తుతున్నాడా? అప్పుడు జబ్బేమోనని అనుమానించాలి. బరువు కాదు, నియమం తప్పిన రోజు ఏం చేస్తాడో అడగండి.

రాగిసంకటి:
పైదానికి ఒకటి కలుపుతా. అన్నీ స్వభావం ఖాతాలో వేయకండి, కడుపు మాడ్చుకోవడమే బుర్రని మార్చేస్తుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకి ఆర్నెల్లపాటు తిండి బాగా తగ్గించి చూశారు. వాళ్లకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది, చిరాకు, దిగులు పట్టుకున్నాయి.

పీజీలో జరిగేదీ అదే. టిఫిన్ మానేసి, మధ్యాహ్నం ప్రోటీన్ షేక్‌తో సరిపెట్టి, అర్ధరాత్రి రెండు బిర్యానీలు ఆర్డర్ పెడతాడు. సిగ్గుతో మర్నాడు పస్తు, ఆ పస్తే మళ్లీ అతిగా తినిపిస్తుంది. ఈ గొలుసు తెగేది రాత్రి దగ్గర కాదు, పొద్దున దగ్గర. థెరపీలో మొదట పెట్టేది మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు, ఎక్కడా నాలుగు గంటలు మించని ఎడం. రెండు గుడ్లో, అరటిపండూ పల్లీచిక్కీయో, ఏదైనా సరే. రాత్రి అతిగా తిన్నా పొద్దున టిఫిన్ మానకూడదు. అక్కడే అందరూ జారేది.

మారతహళ్లి మెస్:
మరి మాట ఎలా కదపాలి?

పెరుగన్నం:
'చిక్కిపోయావురా' అనొద్దు, అది వాడికి మెచ్చుకోలు. 'బాగా కండ పట్టావు' కూడా అంతే. 'వారంగా మాతో కూర్చుని తినట్లేదు, నిద్ర పడుతోందా?' అని చూసింది చెప్పి అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు, మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి ఎలాగూ ఊళ్లోనే ఉంది. లేవగానే కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ, వాంతిలో రక్తం ఉంటే మాత్రం కౌన్సెలింగ్ తర్వాత, ముందు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

రాగిసంకటి:
రోజుల తరబడి తినకుండా బాగా నీరసించినవాణ్ణి జాలిపడి ఒక్కసారే కడుపునిండా తినిపించకండి. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫేట్ చూశాక ఎంతతో మొదలెట్టాలో డాక్టర్ చెప్తారు.