హిలోలో షిప్ ఆగే ఒక్కరోజు: అమ్మానాన్నలతో అగ్నిపర్వతం చూడటం కుదురుతుందా?

డల్లాస్_తెలుగు
డిసెంబర్‌లో అమ్మానాన్నలని హవాయి క్రూజ్‌కి తీసుకెళ్తున్నాం. బిగ్ ఐలాండ్‌లో హిలో దగ్గర షిప్ ఉదయం ఎనిమిదికి ఆగుతుంది, సాయంత్రం ఐదింటికల్లా అందరూ ఎక్కేయాలట. నాన్న గుంటూరు నుంచి వచ్చిన దగ్గర్నుంచి లావా, లావా అంటున్నారు, అక్కడి కిలవేయా అగ్నిపర్వతం వీడియోలు ఒక్కటీ వదల్లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా ఉబ్బసం, ఇన్‌హేలర్ వాడుతుంది. షిప్ వాళ్ల బస్సు టూర్ తీసుకోమంటారా, కారు అద్దెకి తీసుకుని మేమే వెళ్లమంటారా? లావా గుహ, నల్ల ఇసుక బీచ్, జలపాతం అన్నీ ఒక్కరోజులో అవుతాయా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కొండదారి
కారే తీసుకోండి. హిలో ఎయిర్‌పోర్ట్ పోర్టుకి చాలా దగ్గర, అద్దె కార్లన్నీ అక్కడే ఉంటాయి. కిలవేయా ఉన్న హవాయి వోల్కేనోస్ నేషనల్ పార్కు 30 మైళ్లు, ముప్పావు గంట ప్రయాణం. ఒక బండికి 30 డాలర్ల టికెట్, కార్డుతోనే కట్టాలి. కానీ అన్నీ చూడాలనుకుంటే ఏదీ తృప్తిగా చూడలేరు. నల్ల ఇసుక ఉన్న పునలూ బీచ్ పార్కు దాటి ఇంకో అరగంట పైనే ఉంటుంది. పార్కు లోపల సముద్రం దాకా దిగే రోడ్డు 19 మైళ్లు, చివర దారి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి మళ్లీ అదే దారిన పైకి రావాలి. ఈ రెండూ వదిలేసి కొండ మీదే ఉండండి. కిలవేయా కొండ మీదున్న హలెమౌమౌ బిలం అంచున రెయిలింగ్ పట్టుకుని నిలబడితే కింద నల్లగా గడ్డకట్టిన లావా, దాని పగుళ్లలోంచి పొగ కనిపిస్తాయి. 2018లో అక్కడి నేల వందల అడుగులు కుంగిపోయింది, ఆ గోడలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. స్టీమ్ వెంట్స్‌కి పార్కింగ్ నుంచి నాలుగడుగులే, అమ్మగారికి ఇబ్బంది ఉండదు. వాన నీరు లోపలి వేడి రాళ్ల దాకా ఇంకి ఆవిరై పైకి వస్తుంది, కళ్లజోడు క్షణంలో మసకబారుతుంది. లావా గుహకి మాత్రం మెట్లున్నాయి, లోపల నేల తడి. నాన్నగారిని ఒక్కరినే తీసుకెళ్లండి.

నర్సక్క_సియాటెల్
తమ్ముడూ, అమ్మ ఉబ్బసం సంగతి ముందు చూడు. కిలవేయా నుంచి సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. గాలి మన వైపు తిరిగితే ఉబ్బసం ఉన్నవాళ్లకి ఛాతీ పట్టేస్తుంది. సల్ఫర్ బ్యాంక్స్ అనే చోటికి అమ్మని అసలు తీసుకెళ్లొద్దు, అక్కడ నేరుగా గంధకం వాయువులే. గాలి ఎలా ఉందో పార్కు వెబ్‌సైట్‌లో పెడతారు, పొద్దున్నే చూసుకో. ఇన్‌హేలర్ కారులో కాదు, అమ్మ చేతి సంచిలో ఉండాలి. పైన నాలుగు వేల అడుగుల ఎత్తు, హిలోలో చెమట పట్టినా అక్కడ చలి. స్వెటర్, రెయిన్ జాకెట్ మర్చిపోవద్దు. ఇబ్బందిగా అనిపిస్తే మొహమాటపడకుండా వెంటనే కిందికి దిగిపోండి.

సముద్రం_పిచ్చి
నేను బస్సుకే ఓటేస్తాను. షిప్ వాళ్ల టూర్ లేటయితే షిప్ ఆగుతుంది, మన కారు లేటయితే ఆగదు. పెద్దవాళ్లతో ఆ టెన్షన్ ఎందుకు? డ్రైవర్లలో చాలామంది అక్కడివాళ్లే, అగ్నిపర్వతాల దేవత పెలె అమ్మవారి గురించి ఎంతో భక్తిగా చెప్తారు. మనం కొండని దేవుడిగా చూసినట్టే వాళ్లకి ఆ బిలం ఆమె ఇల్లు. అందుకే ఒక్క రాయి కూడా తెచ్చుకోకండి, చట్టం కూడా ఒప్పుకోదు.

డల్లాస్_తెలుగు
అందరికీ థాంక్స్. బస్సులో అమ్మకి ఇబ్బందైతే మధ్యలో దిగలేం కదా, అందుకే కారు. మూడింటికల్లా హిలోకి తిరిగొచ్చేస్తాం. లావా కచ్చితంగా కనిపిస్తుందా?

కొండదారి
కచ్చితంగా అని ఎవరూ చెప్పలేరండీ. 2024 డిసెంబర్ 23న మొదలైన విస్ఫోటనం విడతలు విడతలుగా సాగింది. ఒక్కో విడత చాలాసార్లు ఒక్కరోజు కూడా ఉండదు, మధ్యలో రోజులు, ఒక్కోసారి వారాలు ఖాళీ. ఎగసినప్పుడు వెయ్యి అడుగులు దాటిన సందర్భాలున్నాయి, లేనప్పుడు పొగే. నాన్నగారికి ఈ మాట ఇప్పుడే చెప్పి ఉంచండి. యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల లైవ్ కెమెరాలు యూట్యూబ్‌లో ఉన్నాయి, ముందు రోజు రాత్రి షిప్‌లోనే చూసుకోవచ్చు. రెయిన్‌బో ఫాల్స్ హిలో ఊళ్లోనే, పార్కింగ్ పక్కనే కనిపిస్తుంది, దాన్ని తిరిగొచ్చేటప్పటికి పెట్టుకోండి. హవాయిలోనే మరో దీవి కవాయీలో దిగే రోజు అక్కడి ఇరైవన్ శివాలయం కూడా చూపించండి. బెంగళూరు దగ్గర చెక్కిన రాళ్లతో కట్టిన గుడి, దర్శనానికి ముందే బుక్ చేసుకోవాలి.