ఎస్పెరార్ ఒక్కటే, ఇంగ్లీషులో క్రియలు మూడు

సందేహం: నేను టెక్సస్‌లో స్పానిష్ మాతృభాషగా గల పెద్దలకు సాయంత్రం వేళ ఇంగ్లీషు నేర్పుతున్నాను. వారిలో ఒకావిడ తన కొడుకు టీచరుకు రాసిన ఉత్తరం ‘ఐ వెయిట్ యు ఆర్ వెల్’ అని మొదలై, ‘ఐ ఎక్స్‌పెక్ట్ యు టు హెల్ప్ మై సన్’ అని ముగిసింది. ఆ చివరి వాక్యానికి టీచరు నొచ్చుకున్నారట. ఆవిడకు ఎలా చెబితే బోధపడుతుందో దయచేసి తెలుపగలరు.

జవాబు: రెండు పొరపాట్లకూ మూలం ఎస్పెరార్ అనే క్రియే. స్పానిష్‌లో బస్సు కోసం నిలబడినా, మంచి జరగాలని కోరుకున్నా, ఫలానాది జరుగుతుందని నమ్మినా ఆ ఒక్క క్రియే సరిపోతుంది. ఇంగ్లీషులో వీటికి వరుసగా వెయిట్, హోప్, ఎక్స్‌పెక్ట్ అని మూడు కావాలి. ఆవిడ మొదటి వాక్యం ‘ఎస్పెరో కే ఎస్తే బియెన్’ (మీరు క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను) అన్న మర్యాదవాక్యానికి మక్కికిమక్కి అనువాదం. అక్కడ ‘ఐ హోప్’ ఉండాలి. రెండో వాక్యంలో వ్యాకరణ దోషం లేదు గనుకనే అది మరింత ఇబ్బంది పెడుతుంది. ఎక్స్‌పెక్ట్ తరువాత మనిషిని, ఆపైన టు చేర్చి చెబితే ‘ఇది మీరు చేయవలసిన పని’ అన్న ధ్వని వస్తుంది. ‘ఐ హోప్ యు కెన్ హెల్ప్ మై సన్’ అని ఉంటే అది విన్నపమయ్యేది.

నేనైతే నిర్వచనాలు చెప్పకుండా ఒకే సన్నివేశం చూపిస్తాను. బస్టాండులో తమ్ముడి కోసం నిలబడి ఉన్నప్పుడు ‘ఐ యామ్ వెయిటింగ్ ఫర్ మై బ్రదర్’. ఆరు గంటల బస్సెక్కానని అతడు ఫోన్ చేసి ఉంటే ‘ఐ ఎక్స్‌పెక్ట్ హిమ్ టునైట్’. కబురేమీ లేక, వస్తే బాగుండునని మనసు కొట్టుకుంటూ ఉంటే ‘ఐ హోప్ హి కమ్స్’.

మరో సందేహం: వారు వెయిట్ తరువాత ఫర్ మరచిపోతున్నారు. ‘ఐ హోప్ యు టు కమ్’ అని కూడా రాస్తున్నారు.

జవాబు: ‘ఎస్పెరో ఎల్ ఔతొబూస్’ (బస్సు కోసం ఎదురుచూస్తున్నాను) అన్నప్పుడు మన ‘కోసం’ వంటి మాట అక్కడ అక్కరలేదు, అందుకే ఫర్ జారిపోతుంది. వెయిట్, ఫర్ రెండింటినీ విడదీయకుండా ఒకే మాటగా పలికించండి. మనిషిని, టును చేర్చే కట్టు ఎక్స్‌పెక్ట్‌కు చెల్లుతుంది గాని హోప్‌కు చెల్లదు. ‘ఐ హోప్ యు కమ్’ అనాలి. మన ‘ఆశిస్తున్నాను’ కూడా హోప్, ఎక్స్‌పెక్ట్ రెండింటి మీదా వాలుతుంది కాబట్టి, నేర్పేటప్పుడు మన వాక్యాలను కూడా ఒకసారి సరిచూసుకోవడం అవసరం.